నేలకు దిగు వేళ

విమానమును గాలిలోనికి లేపుటకంటె తిరిగి నేలకు దింపుట కష్టము. కళింగపట్నము, భావనపాడు తీరముల పల్లెకారులకు ఈ మాట విడమరచి చెప్ప నక్కరలేదు. నడిసంద్రమున నిశ్చింతగా సాగిన తెప్పను విరుగు కెరటముల మీదుగా ఇసుకకు చేర్చునప్పుడే వారి నేర్పు బయటపడును. వైమానిక విద్యార్థి స్థితియు అట్టిదే.

ఈ విద్య నేడు మన ఇండ్లకు దూరమైనది కాదు. విజయనగరమునకు చేరువనున్న కోరుకొండ సైనిక పాఠశాల 1962 నుండి పిల్లలను సేనలలో అధికార పదవులకు సిద్ధపరచుచున్నది. భోగాపురమున అల్లూరి సీతారామరాజు పేరిటి విమానాశ్రయమునకు 2023 మే 3న శంకుస్థాపన జరిగినది. దాని రన్‌వే పొడవు 3,800 మీటర్లు. కేంద్ర పౌరవిమానయాన శాఖను విజయనగరము వారైన అశోక్ గజపతిరాజు 2014 నుండి 2018 వరకు నిర్వహించిరి. 2024లో అది శ్రీకాకుళము వారైన కింజరాపు రామమోహన్ నాయుడుకు లభించినది. మన పిల్లలు విమానము నడుపవలెనని కోరుట సహజమే. అందలి అపాయమును తల్లిదండ్రులును ఎరిగియుండుట మేలు.

2019 అక్టోబరు 6న వికారాబాదు జిల్లా సుల్తాన్‌పూరు వద్ద శిక్షణ విమానము కూలి ఇద్దరు విద్యార్థులు మరణించిరి. 2022 ఫిబ్రవరి 26న నల్లగొండ జిల్లా పెద్దవూర మండలమున ఒంటరిగా ఎగురుచున్న విద్యార్థిని ప్రాణము కోల్పోయినది. ఇవి దిగునప్పుడు జరిగినవి కావు. అయినను చిన్న విమానముల ప్రమాదములలో అధికభాగము నేలకు దిగు ఘట్టముననే సంభవించుచుండును. ఏల?

రెక్క తగిన కోణమున గాలిని చీల్చుకొని పోవుచున్నంతవరకే విమానము నిలుచును. ముక్కును అతిగా ఎత్తినచో రెక్కపై గాలి చెదరి ఆలంబనము తప్పును. దీనినే స్టాల్ అందురు. ఇది ఇంజను ఆగుట కాదు. ఇంజను మ్రోగుచుండగనే సంభవింపవచ్చును. వేయి మీటర్ల ఎత్తున నైనచో ముక్కు దించి వేగము పుంజుకొనుటకు వ్యవధి కలదు. నూరు మీటర్ల ఎత్తున ఆ వ్యవధి లేదు.

విద్యార్థి రన్‌వే ప్రక్కగా చుట్టు తిరిగి, చివరి మలుపు తీసికొని దిగవలెను. మధ్యాహ్నపు సముద్రపు గాలి తేలికైన విమానమును వరుస తప్పించును. అతడు కంగారుపడి రెక్కను మరింత వాల్చి, చుక్కానిని అతిగా త్రొక్కి, ముక్కు నెత్తును. ఎత్తు తగ్గకుండ 60 డిగ్రీలు వాలి తిరుగు విమానమున రెక్కలు మోయవలసిన బరువు రెట్టింపగును. గంటకు 80 కిలోమీటర్ల వేగమున సైతము నిలువగలిగినది, అప్పుడు 113 కిలోమీటర్ల వద్దనే పట్టు తప్పును. ఒక రెక్క ముందుగా జారి, విమానము గిరగిర తిరిగి నేలకూలును. రన్‌వే ఎంత పొడవైనను ఈ తప్పిదమును కాపాడజాలదు.

నివారణ యేమి? వరుస కుదరనప్పుడు దిగు ప్రయత్నము మానుకొని, ఇంజనుకు పూర్తి శక్తినిచ్చి, పైకి పోయి మరల చుట్టు తిరిగి వచ్చుట. దీనికిని అభ్యాసము కావలెను. పూర్తి శక్తి ముక్కును పైకి నెట్టును. దానిని అదుపున ఉంచవలెను. రెక్క వెనుక దించిన ఫ్లాపులను ఒక్కసారిగా ఎత్తినచో విమానము క్రుంగును. కొంచెము కొంచెముగా ఎత్తవలెను.

ఇంతకంటె కష్టమైనది మనస్సును మరల్చుట. సహపాఠులు చూచుచుందురు, గంటగంటకును రుసుము పెరుగుచుండును, ఎట్లైన దిగవలెనను పంతము కలుగును. మంచి గురువు మరలిపోయిన విద్యార్థిని నిందింపడు, మెచ్చుకొనును. ఇంటివారును అట్లే చేయవలెను. ఒంటరిగా ఎన్నడు ఎగురుదువని బిడ్డను తొందరపెట్టుటకంటె, నేడు దిగుట మాని ఎన్నిసార్లు చుట్టు తిరిగి వచ్చితివని అడుగుట మేలు.