చిన్న ఖర్చుతో ఉత్కంఠ చిత్రం

ఎనిమిది పది నిమిషాల నిడివిలో ఉత్కంఠభరితమైన చిత్రం ఒకటి తీయాలనే కోరిక మన విద్యార్థులలో చాలామందికి ఉంది. డబ్బు లేదన్నది వారు చెప్పే మొదటి అడ్డంకి. మా దృష్టిలో ఈ తరహా చిత్రానికి డబ్బు రెండో మాట. కథలో ఎవరికి ఏమి తెలుసు, ఎవరికి ఏమి తెలియదు అన్న పంపకంలోంచి ఉత్కంఠ పుడుతుంది. ఆ పంపకం కాగితం మీద జరిగే పని.

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ఫ్రాన్స్వా త్రూఫోతో జరిపిన సంభాషణలు 1966లో పుస్తకంగా వచ్చాయి. అందులోని బాంబు ఉదాహరణ ప్రసిద్ధమైనది. కొందరు బల్ల చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటారు. బల్ల కింద బాంబు ఉంది. ఆ సంగతి మనకు తెలియకపోతే అది పేలినప్పుడు 15 సెకన్లు ఉలిక్కిపడతాం. ముందే తెలిస్తే అవే పసలేని కబుర్లను 15 నిమిషాలు ఊపిరి బిగబట్టి వింటాం. మొదటిది ఆశ్చర్యం, రెండవది ఉత్కంఠ. బాంబు పేలడం చూపాలంటే డబ్బు కావాలి. బల్ల కింద ఉందని చూపడానికి ఒక్క షాటు చాలు.

సింగీతం శ్రీనివాసరావు గారు బెంగుళూరులో తీసిన ‘పుష్పక విమానం’ (1987) చూడండి. మాటలే లేని హాస్యచిత్రం అది. అయినా అందులో టిన్నూ ఆనంద్ పోషించిన కిరాయి హంతకుడి ఘట్టాలు మనకు మంచి పాఠం. వాడి ఆయుధం మంచుతో చేసిన కత్తి. పొడిచాక కరిగిపోతుంది గనుక సాక్ష్యం మిగలదు. అయితే జాప్యం జరిగితే చేతిలోనే కరిగిపోతుంది! కాలం గడుస్తున్నదని చెప్పడానికి గోడ గడియారం అక్కరలేకుండా పోయింది. మీ కథలోనూ ఇలా తరిగిపోయేదో, పొంగిపోయేదో ఒక వస్తువు ఉంటుందేమో వెతకండి. కొవ్వొత్తి, ఫోనులో చార్జింగు, పొయ్యి మీద పాలు, ఏదైనా కావచ్చు.

ఇక మనబోటివారికి పైసా ఖర్చులేని పెట్టుబడి ఒకటి ఉంది. ఇంట్లో ఒక భాష, వీధిలో మరొక భాష. కటక్‌లో ఒక టీ కొట్టు అనుకుందాం. ఇద్దరు మనుషులు ఒడియాలో టీ చెప్పి, తమలో తాము తెలుగులో మాట్లాడుకుంటున్నారు. వీధి చివరి ఇంటి గురించి, అందులో ఒంటరిగా ఉండే ముసలావిడ గురించి. ఇక్కడ ఎవరికీ అర్థం కాదని వారి ధీమా. టీ పోసే కుర్రవాడిది బరంపురం, ఇంట్లో తెలుగే. వాడి చేతిలో గ్లాసు ఒక్క క్షణం ఆగుతుంది. వాడికి అర్థమైందని మనకు తెలిసింది, వారికి ఇంకా తెలియలేదు. కాసేపటికి ఒకడికి అనుమానం వస్తుంది. కుర్రవాడి వైపు చూడకుండానే, తాపీగా, తెలుగులో అంటాడు: “వాడి కాలి దగ్గర తేలుంది.” కుర్రవాడు కిందికి చూస్తే దొరికిపోయినట్టే. చూడకపోతే? తేలు నిజంగానే ఉందో లేదో ప్రేక్షకుడికి కూడా చూపకండి.

దీనికి కావలసింది ఒక కొట్టు, ముగ్గురు నటులు, రెండు రోజులు. క్రిస్టఫర్ నోలన్ తొలి చిత్రం ‘ఫాలోయింగ్’ (1998) సుమారు 6 వేల డాలర్లతో తయారైంది. అందరికీ ఉద్యోగాలుండడంతో ఏడాదిపాటు వారాంతాల్లో తీశారు. ఫిల్ముకయ్యేదే పెద్ద ఖర్చు కనుక నాటకంలా ముందుగా సాధన చేసి, ఒకటి రెండు టేకులతో సరిపెట్టారు. ఈనాడు ఫోనుతో ఎన్నిసార్లైనా తీయవచ్చుననే ధైర్యంతో విద్యార్థులు సాధన మానేస్తున్నారు. ఇరవయ్యో టేకు నాటికి వెలుతురు పోతుంది, నటుడి భయమూ పోతుంది.

బొమ్మకన్నా శబ్దం దగ్గర చిత్రాలు ఎక్కువ చెడతాయి. పంచదార డబ్బా వెనుక రెండో ఫోను దాచి మాటలు రికార్డు చేయండి. ప్రతి షాటు మొదట్లో చప్పట్లు కొడితే ఎడిటింగులో రెండూ కలపడం తేలిక. స్టవ్ ఆపి మాటలు తీసుకుని, స్టవ్ హోరు విడిగా రికార్డు చేసి తరువాత కలపండి. తేలు మాట రాగానే ఆ హోరు ఆగిపోయిందనుకోండి, మరే సంగీతమూ అక్కరలేదు. ఫోనులో వెలుతురు కొలత లాక్ చేయడం మరువకండి, లేకుంటే ఎవరు అడ్డం నడిచినా బొమ్మ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. వీధిలో ఉత్తుత్తి కత్తి చూపేటట్లయితే ముందుగా పోలీసు స్టేషనులో చెప్పి ఉంచాలి.

సంభాషణల విషయంలో మాకు పట్టుదల ఉంది. ఆ ఇద్దరూ సినిమా తెలుగు మాట్లాడినా ఫరవాలేదు. కుర్రవాడు ఇంటికి పరుగెత్తి తల్లితో చెప్పే నాలుగు మాటలు మాత్రం బరంపురం తెలుగులోనే ఉండాలి. హోసూరులో తీస్తే హోసూరు తెలుగు, బళ్లారిలో తీస్తే బళ్లారి తెలుగు. మన యాసను తెర మీద నవ్వులాటకు వాడుకోవడం మనమే చూసి నవ్వాం. అదే యాసలో ఒక మనిషి భయపడి, తెగించి, ఒక ప్రాణం కాపాడడం ఎంతమంది చూశాం? కథ చెప్పి, ఆ మాటలు మీ నాయనమ్మ అయితే ఎలా అంటుందో రికార్డు చేసుకోండి. తెలుగు లిపి రాని నటులకు కన్నడంలోనో ఒడియాలోనో రాసివ్వవచ్చు, తప్పులేదు. తమిళ లిపిలో మాత్రం క-గ, ప-బ తేడా తెలియదు కనుక వినిపించి నేర్పడమే మేలు.

చివరగా ఉపశీర్షికల సంగతి. టీ కొట్టు మాటలకు ఒడియాలో ఉపశీర్షికలు వేస్తే బాంబు అందరికీ కనబడుతుంది. వేయకపోతే తెలుగు వచ్చినవారికి అది ఉత్కంఠ, రానివారికి ఆశ్చర్యం. పక్కపక్క కుర్చీల్లో రెండు వేర్వేరు చిత్రాలు నడుస్తాయి. మేమైతే వేయవద్దనే అంటాము. తల్లితో మాట్లాడే ఘట్టానికి మాత్రం వేయాలి. ఈ నిర్ణయం స్క్రిప్టు దశలోనే జరగాలి. ఉపశీర్షిక లేనిచోట తెలుగు రానివారికి దారి చూపేది కుర్రవాడి చేతిలో ఆగిన గ్లాసు ఒక్కటే. దాన్ని దగ్గరగా, విడిగా తీసి పెట్టుకోకపోతే ఎడిటింగులో దొరకదు.