క్లెయిమ్ ఫైలు ఎక్కడ ఆగుతుంది?

మస్కట్‌లో, ముఖ్యంగా మా అల్ మవాలే వైపు, మనవాళ్ళు నలుగురు కలిస్తే ఎండలు, స్కూలు ఫీజుల తర్వాత వచ్చే మాట కారు ఇన్సూరెన్సే. "రెండు నెలలైందండీ, ఇంకా గ్యారేజీలోనే ఉంది" అంటారు. ఇక్కడ కారు లేకపోతే ఎంత ఇబ్బందో ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకి చెప్పినా తెలియదు. 2015లో మువాసలాత్ బస్సులు వచ్చాయి, సంతోషం. కానీ జూన్ మధ్యాహ్నం చంటిపిల్లని ఎత్తుకుని బస్టాపు దాకా నడవడం ఎవరి తరం?

కంపెనీవాళ్ళని తిట్టుకుంటే మనసు కాస్త చల్లబడుతుంది గానీ కారు ఇంటికి రాదు. అసలు చిక్కు ఎక్కడుందో చూద్దాం. తప్పు అవతలివాళ్ళది, మీకున్నది థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే అనుకోండి. అప్పుడు మీరు డబ్బు అడగాల్సింది అవతలివాళ్ళ కంపెనీని. అక్కడ మీరు కస్టమరు కారు. ప్రీమియం కట్టింది మీరు కాదు, వచ్చే ఏడు రెన్యూ చేసేదీ మీరు కాదు. ఇక మిమ్మల్ని మంచి చేసుకోవాల్సిన అవసరం వాళ్ళకేం ఉంటుంది?

నా కారునీ సిగ్నల్ దగ్గర వెనకనుంచి గుద్దారు. తప్పెవరిదో పోలీసు కాగితంలో స్పష్టంగా ఉంది. అయినా ఏడు వారాలు పట్టింది. సర్వేయరు చూడాలంటారు, చూశాక గ్యారేజీ ఎస్టిమేటు రావాలంటారు, వచ్చాక మేనేజరు సెలవులో ఉన్నాడంటారు. ఫోన్ చేసిన ప్రతిసారీ ఒక కొత్త గొంతు, "రేపు చేయండి సార్" అనే పాత జవాబు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాడిని కాబట్టి నాకు ఇది తెలిసిన జబ్బే: ఒక టికెట్టు, నలుగురు మనుషులు, సొంతదారు ఎవరూ లేరు.

అందుకే ఫోన్లు మానేసి మెయిల్ పెట్టడం మొదలుపెట్టాను. క్లెయిమ్ నంబరు, సర్వేయరు వచ్చిన తేదీ, ఎస్టిమేటు ఇచ్చిన తేదీ, ఇప్పుడు ఎవరి సంతకం కోసం ఆగింది, అంతే. కోపం ఒక్క ముక్క లేదు. మూడో మెయిల్‌కి ఫైలు కదిలింది. కదలకపోయినా ఆ మెయిళ్ళు వృథా కావు. ఒమాన్‌లో వాహన బీమాకి 1994 నాటి చట్టం ఉంది, 34/94 రాయల్ డిక్రీ. బీమా కంపెనీల మీద పర్యవేక్షణ 2004 నుంచి క్యాపిటల్ మార్కెట్ అథారిటీది, 2024లో దాని స్థానంలో ఫైనాన్షియల్ సర్వీసెస్ అథారిటీ వచ్చింది. కంపెనీ పలకకపోతే ఫిర్యాదు అక్కడ చేయవచ్చు. అక్కడ మన బాధ కన్నా తేదీలకే విలువ.

కాంప్రహెన్సివ్ పాలసీ ఉంటే దారి వేరు. మీ కారుని మీ కంపెనీయే బాగుచేయిస్తుంది, తర్వాత అవతలి కంపెనీ దగ్గర వసూలు చేసుకుంటుంది. వాళ్ళ తగవు వాళ్ళది. ఎక్సెస్ కింద మీరు కొంత కట్టాల్సి రావచ్చు, అది ముందే అడగండి. పాత కారుకి ఇంత ప్రీమియం దండగ అనేవాళ్ళున్నారు. కారు మీదే ఇల్లు నడిచేవాళ్ళకి దండగ కాదని నా అభిప్రాయం.

ఇంకో మాట. 2007 జూన్‌లో గోను తుఫానుకి మస్కట్ వీధుల్లో కార్లు నీట మునిగాయి. థర్డ్ పార్టీ పాలసీ అలాంటప్పుడు మీ కారుకి ఒక్క బైసా ఇవ్వదు. కాంప్రహెన్సివ్‌లో కూడా ప్రకృతి వైపరీత్యాల లైను విడిగా ఉందో లేదో, ముల్కియా రెన్యూవల్‌కి వెళ్ళే ముందే పాలసీ తెరిచి చూసుకోండి.