దోస్తు చెబితే వింటారు: హెచ్‌ఐవీ నివారణలో ఒక పాఠం

గే, బైసెక్సువల్ మగవాళ్లు హెచ్‌ఐవీ గురించి ఎవరు చెబితే వింటారు? 1984లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో అధికారులు వాళ్లు కలిసే బాత్‌హౌస్‌లను మూసేయమన్నారు. తర్వాత పరిశోధకుడు జెఫ్రీ కెల్లీ బృందం ఆ దేశ దక్షిణాదిలోని ఓ చిన్న ఊళ్లో గే బార్లకే వెళ్లింది. అక్కడి సిబ్బందిని అడిగి, నలుగురూ మాట వినేవాళ్లను ఎంచుకుని శిక్షణ ఇచ్చింది. కండోమ్ వాడమని వాళ్లే దోస్తులకు మాటల్లో మాటగా చెప్పారు. 1991లో ఫలితాలు వచ్చాయి: రక్షణ లేని సెక్స్ చేసేవాళ్లు దాదాపు నాలుగో వంతు తగ్గారు.

మన ఇళ్లలో అబ్బాయి భయంతో నోరు విప్పకపోతే టెస్టు ఆలస్యమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ సెంటర్లలో టెస్టు ఫ్రీ, మందులూ ఫ్రీయే. 2017 చట్టం ప్రకారం అనుమతి లేకుండా వివరాలు బయటపెట్టకూడదు. సందేహముంటే 1097కు ఫోన్ చేయండి. అబ్బాయిని తిట్టకండి, టెస్టుకు తోడు వెళ్లండి.