పాత కారు వెనక సీటుకు బెల్టు బిగించడం ఎలా?

ఢిల్లీలో పాతకాలపు కార్ల ర్యాలీలు జరుగుతుంటాయి. స్టేట్స్‌మన్ పత్రిక 1964లో మొదలుపెట్టిన ర్యాలీ వాటిలో పేరుపొందినది. తళతళ మెరిసే ఆ కార్ల వెనక సీటును గమనించారా? సోఫాలా వెడల్పుగా, హాయిగా ఉంటుంది. కాని చాలా కార్లలో అక్కడ బెల్టు కనిపించదు. భుజం మీదుగా, నడుం మీదుగా పట్టి ఉంచే మూడు బిందువుల బెల్టును వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించినది 1959లో. అది వెనక సీటు దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

వెనక కూర్చుంటే ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర జరిగిన ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించారు. ఆయన వెనక సీటులో బెల్టు లేకుండా కూర్చున్నారు. ఆ నెలలోనే ఢిల్లీ ట్రాఫిక్ పోలీసులు వెనక సీటులో బెల్టు పెట్టుకోనివారికి 1000 రూపాయల జరిమానా వేయడం మొదలుపెట్టారు. బెల్టు అమర్చి ఉన్న కారులో దాన్ని పెట్టుకోవాలన్నది చట్టం. బెల్టే లేని పాత కారు సంగతేమిటి? న్యూటన్ సూత్రాలు ఏ కారునూ మినహాయించవు!

ఒక చిన్న లెక్క

కారు గంటకు 50 కి.మీ. వేగంతో పోతోందనుకోండి. అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. కారు దేన్నయినా గుద్దుకుని ఆగిపోతే, జడత్వం వల్ల మీరు అదే వేగంతో ముందుకు పోతారు. ఇది 10 మీటర్ల ఎత్తు నుంచి కింద పడడంతో సమానం. మీ బరువు 60 కిలోలైతే మీ గతిజ శక్తి సుమారు 5,800 జౌళ్లు. కారు ముందు భాగం నలగడం, బెల్టు కొద్దిగా సాగడం వల్ల మీరు అర మీటరు దూరంలో ఆగారనుకుందాం. అప్పుడు సగటు బలం 11,600 న్యూటన్లు. అంటే దాదాపు 1,200 కిలోల బరువు. ఇంచుమించు ఒక అంబాసిడర్ కారు బరువంత! బెల్టు లేక, ముందు సీటుకు గుద్దుకుని 10 సెం.మీ.లోనే ఆగితే ఈ బలం 5 రెట్లవుతుంది.

బోల్టు ఎక్కడ?

పట్టీ ఈ బలాన్ని తట్టుకుంటుంది. చిక్కంతా దాన్ని బిగించే చోటే. కారు నేల రేకు మందం ఒక మిల్లీమీటరు అటూ ఇటూగా ఉంటుంది. రేకుకు రంధ్రం చేసి మామూలు వాషర్‌తో బోల్టు బిగిస్తే, గట్టి కుదుపుకు వాషర్ రేకును చీల్చుకుని బయటికి వస్తుంది. అందుకే బెల్టు లాగే దిక్కుకు అవతలివైపు మందపాటి ఉక్కు పలక పెడతారు. 2.5 సెం.మీ. వ్యాసం గల వాషర్‌కన్నా 5 సెం.మీ. వెడల్పు, 7 సెం.మీ. పొడవు గల పలక బలాన్ని 7 రెట్లు ఎక్కువ వైశాల్యం మీద పరుస్తుంది. పలక మూలలు గుండ్రంగా ఉండాలి. లేకపోతే అవే రేకును కోస్తాయి. తుప్పు తిన్న రేకుకు ఏ పలకా బలం ఇవ్వలేదు. ముందు దాన్ని బాగుచేయాలి.

కింది రెండు బిందువులు సీటు, వీపు కలిసే చోటికి దిగువన ఉండాలి. అప్పుడు పట్టీ పొట్ట మీద కాక తుంటి ఎముకల మీద ఆనుతుంది. పై బిందువు భుజం ఎత్తులోనో, అంతకు కాస్త పైనో ఉండాలి. మరీ కిందికి ఉంటే పట్టీ భుజాన్ని కిందికి లాగి వెన్నెముకను నొక్కేస్తుంది. సీటు వెనక సామాన్లు పెట్టుకునే పలుచని అరకంటే, పక్కనున్న స్తంభం గట్టిది. పట్టీని చుట్టుకునే రీలును తయారీదారు చెప్పిన కోణంలోనే బిగించాలి. కారు కుదుపును పసిగట్టే చిన్న గుండో, లోలకమో అందులో ఉంటుంది. కోణం తప్పితే పట్టీ ఊరకే బిగుసుకుపోతుంది.

అందం చెడకుండా

2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేస్తారు. కాబట్టి యజమానులు కంటికి కనిపించే చోట కోతలు పెట్టరు. సీటు కుషన్ తీసి, దాని కింద బోల్టులు బిగించి, పట్టీని సీటుకూ వీపుకూ మధ్య సందులోంచి పైకి తెస్తారు. సీటు రంగుకు నప్పే పట్టీని ఎంచుకుంటారు. రంధ్రం అంచులకు తుప్పు పట్టకుండా రంగు వేస్తారు. రంధ్రం చేసేముందు అవతల పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపులు, వైర్లు లేవని చూసుకోవడం తప్పనిసరి.

ఐక్యరాజ్య సమితి 14వ నిబంధన ప్రకారం కొత్త కార్లలో భుజం పట్టీని, నడుం పట్టీని ఒకేసారి, ఒక్కోదాన్ని 13,500 న్యూటన్ల బలంతో లాగి చూస్తారు. పాత కారును అలా పరీక్షించి పాడుచేసుకోలేం కదా! అందుకే ఈ పని అనుభవం గల ఇంజనీరుకో, మెకానిక్కుకో అప్పగించాలి. బిగించాక "బెల్టు ఎంత బాగుందో" అనేముందు, "పలక ఎక్కడుంది?" అని మీరు అడగండి.