సెంటు భూమి లేకున్నా సేద్యంలో కొలువు!

తిరుపతిలో బీటెక్ అయిందంటే బెంగళూరు బస్సో, చెన్నై రైలో ఎక్కాల్సిందేనా? నాగలి పట్టడం రాకపోయినా, సెంటు భూమి లేకపోయినా ఇప్పుడు సేద్యంలో కొలువులున్నాయి.

అందులో ముందు చెప్పుకోవాల్సింది డ్రోన్ పైలట్ పని. పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండినవాళ్లు డీజీసీఏ గుర్తింపున్న సంస్థలో శిక్షణ పొంది, రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. మహిళా సంఘాలకైతే కేంద్రం 2023లో 'నమో డ్రోన్ దీదీ' పథకం తెచ్చింది. డ్రోన్ ఖర్చులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల దాకా సాయం.

కంప్యూటర్ వచ్చినవాళ్లకు ఉపగ్రహ చిత్రాలు, నేల తేమ చెప్పే సెన్సర్లు, పంట లెక్కలు ఉన్నాయి. చిత్తూరు మామిడినే చూడండి. 2025లో తోతాపురి ధర పడిపోతే, రైతుకు కిలోకు 12 రూపాయలు దక్కేలా ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించారు. ఏ మండలంలో ఎంత కాయ దిగుతుందో ముందే అంచనా కట్టగలిగితే, అమ్మకానికి దారులు వెతుక్కునే టైమన్నా దొరుకుతుంది కదా! ఇలాంటి ఆలోచనలున్నవాళ్లకు ఊళ్లోనే ఐఐటీ తిరుపతి నవావిష్కార్ ఐ-హబ్ ఉంది.

ఒక్క మాట. మందు కొట్టే పని ఏడాది పొడవునా ఉండదు. అప్పు చేసి డ్రోన్ కొనేముందు ఒక సీజన్ ఎవరి దగ్గరైనా పనిచేయండి. వేరుశనగ ఆకుమచ్చ తెగులును కంటితో గుర్తుపట్టడం నేర్చుకోండి. చేతిలో ఎంత మంచి యాప్ ఉన్నా, పంట తెలియనివాడి మాట రైతు నమ్మడు.