నలుపు తెలుపుల్లో వీరత్వం: ‘పాతాళభైరవి’ ఆహార్యం, వర్ణప్రతీక

వ్యాససంగ్రహం: ‘పాతాళభైరవి’ (1951) నలుపు తెలుపుల చిత్రం. అందులో వీరత్వానికీ వేషానికీ ఉన్న సంబంధాన్ని, రంగు లేనిచోట వర్ణప్రతీక పనిచేసే తీరును ఈ వ్యాసం వివరిస్తుంది. పాత చిత్రాలకు కంప్యూటర్ సాయంతో రంగులద్దుతున్న కాలంలో పరిశోధకులు ఏ ప్రతిని ఆధారంగా తీసుకోవాలన్న ప్రశ్నను చర్చిస్తుంది.

కీలకపదాలు: జానపద చిత్రం, ఆహార్యం, వర్ణప్రతీక, సురభి, డిజిటల్ వర్ణీకరణ.

ప్రవేశిక

విజయా సంస్థ నిర్మాణంలో, కె.వి.రెడ్డి దర్శకత్వంలో 1951 మార్చి 15న విడుదలైన ‘పాతాళభైరవి’ ఆ తరువాతి తెలుగు జానపద చిత్రాలకు కొలమానమైంది. రచన పింగళి నాగేంద్రరావు, ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్లీ, కళ గోఖలే, కళాధర్. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల నుంచి ఈ కథకు ప్రేరణ లభించింది. అల్లాఉద్దీన్ కథ ఛాయలు కూడా స్పష్టంగానే కనిపిస్తాయి.

ఇటువంటి చిత్రాల మీద రాసేటప్పుడు నాయకుడి పీతాంబరమనీ ప్రతినాయకుడి ఎర్ర బొట్టనీ అలవాటుగా రాసేస్తాం. తెర మీద అవేవీ లేవు, ఉన్నవి వెలుగునీడలు మాత్రమే. ఆ రంగులు మన మనసులోంచి వచ్చాయా, సినిమా పోస్టర్ల నుంచి వచ్చాయా అని ముందుగా ప్రశ్నించుకోవలసి ఉంది.

వేషం మారినా మారనివాడు

కథానాయకుడు తోటరాముడు తోటమాలి కొడుకు, ఉజ్జయిని రాకుమారి ఇందుమతిని ప్రేమించినవాడు. అతని దుస్తులు కదలికకు అడ్డురానివి, పనివాడివి. నేపాళ మాంత్రికుడు ఇందుకు పూర్తి వ్యతిరేకం. ఎస్.వి.రంగారావు రూపం పొడవాటి గడ్డంతోను, నిలువెల్లా కప్పిన వేషంతోను నిండిపోయి ఉంటుంది. ఒకరి బలం దేహంలో ఉంటే, ఇంకొకరి బలం వేషంలో ఉంది. ఇది చమత్కారానికి అంటున్న మాట కాదు. మాంత్రికుడి శక్తి అతని గడ్డంలోనే ఉందని కథ చెబుతుంది. చివరికి ఆ గడ్డం పోవడంతోనే అతడు నిర్వీర్యుడవుతాడు. ఆహార్యం తొలగగానే పాత్ర కూలిపోయే ఇటువంటి నిర్మాణం మన చిత్రాలలో అరుదు.

రాముడి సంగతి వేరు. భైరవికి బలి కావలసినవాడే మాంత్రికుణ్ణి బలి ఇచ్చి, కోరినదల్లా ఇచ్చే ప్రతిమను సంపాదిస్తాడు. దాంతో భవనం, ఐశ్వర్యం, రాజోచితమైన ఆడంబరం వస్తాయి. ప్రతిమ చేజారగానే అవన్నీ మాయమై మళ్ళీ తోటమాలి కొడుకుగా మిగులుతాడు. అతని అసలు సాహసం, అంటే మాంత్రికుడి స్థావరానికి వెళ్ళి ఇందుమతిని విడిపించడం, ఆ పతనం తరువాతే మొదలవుతుంది. ఐశ్వర్యం అతనికి వీరత్వాన్ని ఇవ్వలేదు కనుకనే అది పోయినప్పుడు వీరత్వం పోలేదు. ఆ ప్రయాణంలో దొరికే మాయా శాలువా, పాదరక్షలు కూడా ధరించేవే. అయితే అవి అలంకారాలు కావు, పనిముట్లు. వేసుకున్నవాణ్ణి కనబడకుండా చేసే శాలువాను ఆహార్యమనవచ్చునా అన్నది నాట్యశాస్త్ర విద్యార్థులు సరదాగా తర్కించుకోదగిన ప్రశ్న!

ఈ పింగళివారే తరువాత ‘మాయాబజార్’ (1957)లో వీరత్వాన్ని మెడలో వేసే వస్తువుగా మార్చి ‘వీరతాళ్ళు’ అనే మాటను భాషకు ఇచ్చారు. ఆ హాస్యం వెనుక కూడా ఇదే ఆలోచన ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఎనిమిది వర్ణాలు రెండైనప్పుడు

నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయం రసాలకు వర్ణాలను చెబుతుంది. శృంగారానికి శ్యామం, హాస్యానికి సితం, కరుణకు కపోతం, రౌద్రానికి రక్తం, వీరానికి గౌరం, భయానకానికి కృష్ణం, బీభత్సానికి నీలం, అద్భుతానికి పీతం. ఈ పట్టికను నలుపు తెలుపుల ఫిల్ము మీదికి తెస్తే ఏమవుతుంది? సిత, గౌర, పీతాలు వెలుగు వైపు చేరతాయి. రక్త, నీల, కృష్ణాలు చీకటి వైపు పోతాయి. మిగిలినవి నడుమ బూడిద ఛాయల్లో కలిసిపోతాయి.

దీన్ని నష్టంగా మాత్రమే చూడనక్కరలేదు. వీరం, అద్భుతం ఒకే వెలుగులోకి రావడం జానపద చిత్రానికి అచ్చంగా సరిపోయింది. తోటరాముడి సాహసం ఎక్కడ ముగిసి మాయ ఎక్కడ మొదలవుతుందో ప్రేక్షకుడు విడదీసి చూడడు. అటువైపు రౌద్రం, భయానకం, బీభత్సం ఒకే చీకటిలో కలుస్తాయి. మాంత్రికుడు మనకు కోపిష్ఠిగానా, భయంకరుడిగానా, జుగుప్సాకరుడిగానా కనిపించేది? మూడూ ఒకేసారి. బార్ట్లీ దీపాల అమరికను ఈ కోణం నుంచి దృశ్యవారీగా పరిశీలించిన పని జరిగితే బాగుంటుంది.

మరొక సంగతి. తెర మీద రంగు లేకపోయినా భాషలో ఉంది. కృష్ణపాత్ర కనబడగానే ‘నీలమేఘశ్యాముడు’ అన్న మాట తెలుగు ప్రేక్షకుడి మనసులో మెదులుతుంది. కుంకుమబొట్టు తెర మీద ముదురు చుక్క మాత్రమే, అయినా దానిని నల్లబొట్టుగా ఎవరూ చూడలేదు. ఈ వర్ణం చిత్రంలోనిది కాదు, ప్రేక్షకుడి సంస్కారంలోనిది. పరిశోధకుడు ఈ రెండింటినీ వేరుచేసి చెప్పాలి.

శేరిలింగంపల్లి నుంచి చూస్తే

హైటెక్ సిటీ విస్తరించిన మాదాపూర్ ప్రాంతం శేరిలింగంపల్లి మండలంలోనిది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది ఇక్కడే. ఇదే శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన కుటుంబ నాటకరంగానికి ఇది నేటి చిరునామాలలో ఒకటి. సురభివారు ‘పాతాళభైరవి’ని, ‘మాయాబజార్’ను చిత్రించిన తెరలతో, రంగు దీపాలతో, యంత్రాల మాయలతో ఆడతారు. అంటే ఈ కథకు రంగు కావాలనుకున్నవారికి అది రంగస్థలం మీద ఉంది. అక్కడి రంగు నిజమైన బట్టది, నిజమైన దీపానిది. ఎవరు ఎందుకు ఎంచుకున్నారో కళాకారులనే అడిగి తెలుసుకోవచ్చు.

కంప్యూటర్ వేసే రంగు స్వభావం వేరు. హైదరాబాదు సంస్థ గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ వర్ణీకరించిన ‘మాయాబజార్’ 2010 జనవరి 30న విడుదలైంది. మూడు గంటల చిత్రంలో సెకనుకు 24 చొప్పున 2,59,200 ఫ్రేములు ఉంటాయి. వాటిలో ప్రతి వస్తువుకూ హద్దు గీసి, రంగు నిర్ణయించి, అది కదిలినంత మేరా ఆ రంగును అనుసరింపజేయడం మామూలు శ్రమ కాదు. కొత్త తరాన్ని థియేటరుకు రప్పించిన ఆ కృషిని తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

అయితే గణితం ఒక హద్దు పెడుతుంది. రంగు మూడు సంఖ్యలు, బూడిద ఛాయ ఒక్కటే సంఖ్య. పాత టెలివిజన్ ప్రమాణంలో వెలుగు విలువకు ఎరుపు సుమారు 30 శాతం, ఆకుపచ్చ 59 శాతం, నీలం 11 శాతం తోడవుతాయి. ఆ లెక్కన నిండు ఎరుపు, సగం తీవ్రత గల ఆకుపచ్చ తెర మీద ఒకే బూడిదగా కనిపిస్తాయి. ఫిల్ము స్పందన అచ్చంగా ఇదే కాకపోయినా సూత్రం ఒకటే. మూడింటి నుంచి ఒకటిని పొందవచ్చు గాని, ఆ ఒక్కదాని నుంచి మూడింటినీ తిరిగి రాబట్టలేం. కాబట్టి వర్ణీకరణ పోయిన రంగును వెలికితీయడం కాదు, కొత్తగా చెప్పే వ్యాఖ్యానం. వ్యాఖ్యానానికి కర్త ఉంటాడు, కాలం ఉంటుంది. వర్ణీకృత ప్రతిలోని పసుపు ఉత్తరీయాన్ని చూసి 1957 నాటి దర్శకుడి వర్ణదృష్టిని నిరూపించబోతే, 2010 నాటి నిర్ణయాన్ని కె.వి.రెడ్డికి అంటగట్టినట్టవుతుంది.

‘బాహుబలి’ (2015) వంటి వర్ణచిత్రం విషయంలో ఈ చిక్కు లేదు. అక్కడ రమా రాజమౌళి తదితరులు ఎంచుకున్న బట్ట రంగే చాలావరకు తెర మీదికి వచ్చింది. ఆ తరువాత డిజిటల్ వర్ణసవరణ చేసిన మార్పును మాత్రం లెక్కలోకి తీసుకోవాలి.

పరిశోధక విద్యార్థులకు ఒక సూచన. సిద్ధాంతగ్రంథంలో ఏ ప్రతిని చూశారో, అది నలుపు తెలుపులదో వర్ణీకృతమో, దాని నిడివి ఎంతో తప్పక రాయాలి. వర్ణీకృత ప్రతి మాత్రమే అందుబాటులో ఉంటే తెర అమరికల్లో రంగు గాఢతను సున్నాకు తగ్గించి మళ్ళీ చూడాలి. అది మూల ప్రతికి పూర్తిగా సమానం కాదు, కానీ ఏ అంశం వెలుగునీడల్లో నిలబడుతుందో, ఏది అద్దిన రంగుతోపాటే పోతుందో అప్పుడు తెలుస్తుంది.