పలుకు ఒకటే, రాత రెండు

మా అమ్మాయి ఆరో తరగతి. వేసవి సెలవుల మీద వ్యాసం రాయమన్నారు. విశాఖ నుంచి శ్రీ విజయపురానికి ఓడలో వచ్చిన ముచ్చటంతా రాసింది. ఓడలో మాకు నాలుగు బర్త్‌లు దొరికాయని చెప్పబోయి, ఇంగ్లిషు స్పెల్లింగులో ఇ పెట్టాల్సిన చోట ఐ పెట్టింది. టీచరు ఎర్రసిరాతో పక్కన, "నలుగురు పిల్లలూ క్షేమమేనా?" అని రాశారు. మేమంతా నవ్వుకున్నాం కానీ పిల్ల మాత్రం మొహం ముడుచుకుంది. "పలికినట్టే రాశాను కదా నాన్నా!" అంది.

దాని వాదనలో న్యాయం ఉంది. తెలుగులో పలికినట్టే రాస్తాం, రాసినట్టే చదువుతాం. చెవిని నమ్ముకుంటే చాలు. ఇంగ్లిషు స్పెల్లింగు చెవికోసం పుట్టింది కాదు. మాట ఎక్కణ్ణించి వచ్చింది, ఏ అర్థంలో వాడుతున్నాం అన్నది కంటికి చూపించడానికి అది చాలాచోట్ల పాత అక్షరాలను అలాగే మోసుకొస్తుంది. మన ఊళ్లో ఇద్దరు అప్పారావులుంటే ఇంటిపేరుతో గుర్తుపడతాం కదా, అలాగన్నమాట. పలుకు పేరైతే, స్పెల్లింగు ఇంటిపేరు.

అయితే ఒక్కోసారి ఆ ఇంటిపేరు కూడా పొరపాటున అంటుకున్నదే. మనం ఉంటున్న ఐలాండ్‌నే చూడండి. అందులో ఎస్ ఎందుకుందో, ఎందుకు పలకదో అని పిల్లలడుగుతారు. పాత ఇంగ్లిషులో ఆ మాటకు ఎస్ లేనేలేదు. దీవి అనే అర్థంలోనే ఫ్రెంచి నుంచి ఐల్ అనే మాట వచ్చింది. దానికి లాటిన్ మూలంలో ఎస్ ఉంది. ఈ రెండూ చుట్టాలనుకొని పండితులు ఐలాండ్‌కీ ఎస్ తగిలించారు. అంతటితో ఆగలేదు. చర్చిలో, సినిమాహాల్లో, విమానంలో సీట్ల వరుసల మధ్య నడిచే దారినీ ఐల్ అనే అంటారు. దాని మూలం లాటిన్‌లో రెక్క అనే మాట. అందులోనూ ఎస్ లేదు, దీవి ఐల్‌ని చూసి అంటుకుంది. ఇప్పుడు నడిచే దారికి మొదట ఎ ఉంటుంది, దీవికి ఉండదు. తప్పు రాసిన పిల్లల్ని తిట్టేముందు ఈ కథ గుర్తుచేసుకుంటే కోపం కాస్త తగ్గుతుంది.

ఇలాంటి జంటల్ని బట్టీ పట్టిస్తే రెండు రోజుల్లో మళ్లీ కలిసిపోతాయి. తెలుగు మాటనే కొక్కెంగా వేస్తే నిలుస్తాయని మా ఇంట్లో తేలింది. బిడ్డ పుట్టుకకు బి తర్వాత ఐ, ఎందుకంటే అది బిడ్డ. ఓడలో పడుకునే చోటుకు బి తర్వాత ఇ, ఎందుకంటే అది బెడ్డు. ఇలా చెప్పాక మా అమ్మాయి మళ్లీ తప్పలేదు.

స్టేషనరీ కూడా అంతే. కదలకుండా ఆగి ఉన్న ఓడను స్టేషనరీ అంటారు, బ్రాంచి బీరువాలోని కాగితాలు, పెన్నులు కూడా స్టేషనరీయే. తేడా చివరి ఆర్‌కి ముందు అక్షరంలో ఉంది. ఆగిన దానికి ఎ, ఎన్వలప్ లాంటి వాటికి ఇ. ఎన్వలప్ ఇ తోనే మొదలవుతుంది. ప్రిన్సిపల్ దగ్గర పెద్దవాళ్లూ తడబడతారు. లోను కాగితాల్లోని అసలు, స్కూల్లో అసలు మనిషి, ఇద్దరికీ చివర పి-ఎ-ఎల్. అసలులో అ ఉంది కాబట్టి ఎ. సూత్రం, నియమం అనే అర్థమైతే పి-ఎల్-ఇ.

బారటాంగ్ వెళ్లినవాళ్లకు మిడిల్ స్ట్రెయిట్ తెలుసు. ఆండమాన్ ట్రంక్ రోడ్డు మీద వెళ్తూ అక్కడ ఫెర్రీ ఎక్కాలి. ఈ స్ట్రెయిట్ అంటే జలసంధి, ఇరుకైన నీటిదారి. తిన్నగా అనే స్ట్రెయిట్‌లో జి-హెచ్ ఉంటాయి. జలసంధి ఇరుకు కాబట్టి అందులో ఆ రెంటికీ చోటు లేదు! సైట్ విషయంలో మాత్రం జి-హెచ్ చూపు పక్షాన ఉంటాయి. చూపుకు లైటు కావాలి, లైటులో జి-హెచ్ ఉన్నాయి. ఇల్లు కట్టే సైటులో అవి ఉండవు. హౌసింగ్ లోను దరఖాస్తులో సైట్ ప్లాన్ బదులు చూపు ప్లాన్ జతచేసినట్టు రాసినవాళ్లను నేను చూశాను.

డ్రాఫ్ట్ ఒకటుంది. మన డిమాండ్ డ్రాఫ్ట్‌కి ఎఫ్-టి. ఓడ నీళ్లలో ఎంత లోతు దిగుతుందో అదీ డ్రాఫ్టే కానీ, బ్రిటిషు స్పెల్లింగులో చివర యు-జి-హెచ్-టి. రెండూ లాగడం అనే ఒకే మాట నుంచి పుట్టినవే. ఇక రేవుగట్టుకు ఇంగ్లిషులో ఒక మాట ఉంది, క్యూ-యు-ఎ-వై అని రాసి కీ అని పలుకుతారు. మన దగ్గర అందరూ జెట్టీ అనే అంటారు కాబట్టి బతికిపోయాం.

ఇవన్నీ ఇంగ్లిషువాళ్ల నోట్లోనూ ఒకేలా పలికేవి. మన నోట్లో మాత్రమే కలిసిపోయేవి మరికొన్ని. వైపర్ దీవి పేరు చూడండి. బ్లెయిర్ వచ్చిన ఓడ పేరు మీదే దానికి ఆ పేరు వచ్చిందంటారు. వైపర్ అంటే విషసర్పం, వి తో మొదలవుతుంది. పిల్లలు డబ్ల్యు పెట్టి కారు అద్దం తుడిచే వైపర్ చేసేస్తారు. మనకున్నది ఒక్క వ. ఇంగ్లిషులో వి కి పై పళ్లు కింది పెదవిని తాకాలి, డబ్ల్యు కి పెదవులు గుండ్రంగా చుట్టాలి. అద్దం ముందు నిలబెట్టి పలికిస్తే పిల్లలకు సరదాగానూ ఉంటుంది.

ఇక్కడిదాకా మార్కుల సంగతి. చెక్కు దగ్గరికొస్తే డబ్బు సంగతి. చెక్కును సి-హెచ్-ఇ-క్యూ-యు-ఇ అని రాస్తాం. సరిచూడడం అనే చెక్ వేరు, అమెరికాలో మాత్రం రెంటికీ అదొక్కటే. చెక్కు మీద అక్షరాల్లో మొత్తం రాసేటప్పుడు నాలుగును ఎఫ్-ఓ-ఆర్ అనీ, ఎనిమిదిని తిన్నాను అనే అర్థం వచ్చే ఎ-టి-ఇ అనీ రాసే తొందరపాటు మనుషులుంటారు. ఫోర్‌లో, ఫోర్టీన్‌లో యు ఉంటుంది, నలభై దగ్గర మాయమవుతుంది. ఇదెందుకంటే నా దగ్గర జవాబు లేదు, అలవాటు చేసుకోవడమే. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అంకెలకూ అక్షరాలకూ పొంతన లేకపోతే అక్షరాల్లో ఉన్నదే మొత్తం. పైగా ఇప్పుడు చెక్కు బొమ్మే క్లియరింగుకి వెళ్తుంది. ఆ పద్ధతిలో తేదీ తప్ప మరేదీ కొట్టేసి దిద్దకూడదు. ఒక్క అక్షరం తప్పినా కొత్త చెక్కు రాయడమే మేలు.

అన్నిటికన్నా చిక్కు మన పేర్లతోనే. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. వీరిలో చాలామంది పెద్దలు శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల పేర్లు రాసుకున్న గుమస్తా ఒకచోట బెంగాలీ, ఒకచోట తమిళుడు, మరోచోట హిందీవాడు. సీత అనే పేరునే తీసుకోండి. త కి మనమూ తమిళులూ టి-హెచ్ పెడతాం, హిందీ, బెంగాలీ వాళ్లు టి తో సరిపెడతారు. సీ కి ఐ ఒకటైనా పెట్టొచ్చు, ఇ లు రెండైనా పెట్టొచ్చు. అంటే పలుకు ఒకటే, రాతలు నాలుగు. లక్ష్మికి కె-ఎస్-హెచ్ ఒకరు, ఎక్స్ ఒకరు.

ఒక పెద్దావిడ భర్త పోయాక ఆయన డిపాజిట్ కోసం మా కౌంటరుకి వచ్చింది. నామినీగా ఆమె పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా, పాన్‌లో ఇంకోలా ఉంది. "పిలిస్తే పలికేది నేనే కదేటి బాబూ, ఎలా రాస్తే ఏటి?" అంది. మనిషి చెవికి అది చాలు. కంప్యూటరుకు చెవి లేదు, అక్షరాలు పోల్చుకుంటుంది. అఫిడవిట్, గుర్తింపు కాగితాలు, మూడు వారాల తిరుగుడు అయ్యాక ఆ డబ్బు ఆమె చేతికందింది.

ఆర్నెల్ల తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి డబ్బు పని కాదు. మనవరాలు పుట్టిందట, నానమ్మ పేరే పెడుతున్నారట. పుట్టిన సర్టిఫికెట్‌కి ఇవ్వాల్సిన ఫారం ఇంకా నింపకుండా పట్టుకొచ్చింది. ఆధార్‌కీ, బడికీ, రేపు పాస్‌బుక్‌కీ అదే స్పెల్లింగు ఉండేలా ఒక చీటీ మీద పెద్దక్షరాల్లో రాసిమ్మంది. పెన్ను తీశాను.

"బాబూ, ఐ ఒకటి పెడతావా, ఇ లు రెండు పెడతావా?" అంది.